కుక్కతో వ్యాన్ ప్రయాణం: కోస్తా ఉక్కకూ పడమటి ఎండకూ తగ్గ బోను, గాలి, తడిక – ప్రాజెక్టు డైరీ

వాహనం: 5 సీట్ల చిన్న వ్యాన్, రెండు పక్కలా జారే డోర్లు, మడిచే వెనక సీటు. ప్రయాణికులు: ఇద్దరు మనుషులు, 20 కేజీల నాటు కుక్క. తిరిగే ప్రాంతం: తూర్పున మైపాడు, కొత్తపట్నం తీరం నుంచి పడమట మార్కాపురం, గిద్దలూరు వరకు. రాత్రి పడక వ్యాన్లోనే.

బాడీకి ఒక్క బెజ్జం పెట్టలేదు, సీటు పీకలేదు. ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పు చేయాలంటే మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి. సీటు తీసేస్తే సీట్ల సంఖ్య మారుతుంది కాబట్టి అదీ అందులోకే వస్తుంది. అందుకే కప్పుకు అంటించిన ఇన్సులేషన్ తప్ప ఇందులో ప్రతి వస్తువూ బోల్టో బెల్టో విప్పితే బయటికొచ్చేస్తుంది.

పని మొత్తం రెండు అంకెల చుట్టూ తిరిగింది: కుక్క ముక్కు ఉండే ఎత్తులో వేడి ఎంత, తేమ ఎంత. మిగతావన్నీ వాటికి లోబడి వచ్చినవే. దశ దశకూ బరువు మొత్తం రాశాం. సామాను ధర ఊరికోలా ఉంటుంది, బరువు ఎక్కడైనా ఒకటే.

దశ 1: బోను

కొలతలు ఇలా తీయాలి:

1. కుక్క నిలబడి ఉండగా ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా. ఇక్కడ 82 సెం.మీ. దానికి 13 కలిపి పొడవు 95.
2. నేల నుంచి తల పైభాగం దాకా. 60 సెం.మీ. దానికి 8 కలిపి ఎత్తు 68.
3. పక్కకు పడుకుని కాళ్లు చాపినప్పుడు వెడల్పు. 58 సెం.మీ. దానికి 4 కలిపి 62.

పైన పడక కిందికి దిగుతుందని మొదటి బోను 52 సెం.మీ. ఎత్తుతో చేయించాం. పనికిరాలేదు. ఎండలో రొప్పే కుక్క లేచి నిలబడి మెడ ముందుకు చాపుతుంది. తల వంచుకోవాల్సి వస్తే గాలి సరిగా ఆడదు, లోపల తిరుగుతూనే ఉంటుంది, ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. 68కి పెంచాక పడక నేల నుంచి 72 సెం.మీ. ఎత్తుకు పోయింది. మనుషులు పడుకోవచ్చు, లేచి కూర్చోలేరు. ఆ నష్టం మనుషులే భరించాలి.

ఫ్రేమ్ మొత్తం 25×25×1.6 మి.మీ. ఇనుప ట్యూబుతో చేస్తే మీటరుకు 1.18 కేజీ పడుతుంది, 12 మీటర్లకు 14 కేజీలు. అదే కొలత అల్యూమినియం (1.5 మి.మీ.) మీటరుకు 0.38 కేజీ. కానీ మొత్తం అల్యూమినియంతో చేసి మూలలకు రివెట్లు కొడితే గతుకుల రోడ్డు మీద ఊగి ఊగి రివెట్లు వదులయ్యాయి. చివరికి అడుగు చట్రం ఇనుముతో వెల్డింగ్ (4.4 మీ., 5.2 కేజీలు), పైభాగం అల్యూమినియం (7.6 మీ., 2.9 కేజీలు), రెండిటికీ మధ్య ఎం6 బోల్టులు. ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తగిలితే ఉప్పుగాలికి అతుకు దగ్గర తెల్లగా పొడి లేచి తినేస్తుంది. ప్రతి అతుకులో నైలాన్ వాషరు, పలచని రబ్బరు ముక్క పెట్టాలి. ఇనుముకు రెడాక్సైడ్ ఒక్క పూత చాలదు, ముందు జింక్ ప్రైమర్ కొట్టాలి.

పక్కలకూ పైకప్పుకూ 25 మి.మీ. కన్ను, 2.5 మి.మీ. తీగ ఉన్న వెల్డ్ మెష్. అడుగున 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లై.

బోను స్థానం వెనక సీటు వెనకాల, వ్యానుకు అడ్డంగా. ముందు సీట్ల వెనక కాళ్ల చోటులో పెట్టకండి. మారుతి ఈకో లాంటి వ్యాన్లలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది, గంట నడిచేసరికి అక్కడి నేల కాలుతుంది.

బెల్టుల లెక్క: 50 కి.మీ. వేగం నుంచి అర మీటరు దూరంలో ఆగిపోతే గురుత్వానికి దాదాపు 20 రెట్ల బలం పడుతుంది. కుక్క, బోను కలిపి 42 కేజీలు, అంటే 840 కేజీల తోపు. ముందుకు పోకుండా నిలబెట్టిన సీటు వీపు ఆపుతుంది. వెనక్కీ పైకీ ఎగరకుండా 25 మి.మీ. ర్యాచెట్ బెల్టులు నాలుగు, ఒక్కోటి 500 కేజీల రకం. బైకుకు సామాను కట్టే సాగే తాళ్లు దీనికి లెక్కలోకి రావు.

తలుపులు రెండు: ఒకటి వెనక డోరు వైపు, ఒకటి సీటు వైపు. వెనక నుంచి ఏదైనా గుద్దితే ఆ డోరు తెరుచుకోకపోవచ్చు. మామూలు గడియ అదురుకు పైకి లేచిపోతోంది. స్ప్రింగు గడియ మార్చి, దాని మీద కొండెక్కేవాళ్లు వాడే కొక్కెం తగిలించాం. డోరు తెరవకముందే లోపలికి చెయ్యి పెట్టి హార్నెస్‌కు తాడు తగిలించాలి. హైవే పక్కన ఆగినప్పుడు కుక్క ఒక్క దూకు దూకితే ఇంత పనీ వృథా.

బరువు: 22 కేజీలు. మొత్తం: 22.

దశ 2: నేల, సందులు

పాడిపశువుల కింద పరిచే రబ్బరు మ్యాటు ఒంగోలులో సులువుగా దొరుకుతుంది, కాలు జారదు. కానీ 15 మి.మీ. మందంలో 4×6.5 అడుగుల ముక్క 43 కేజీలు తూగుతుంది. వదిలేశాం. వినైల్ షీటు తేలికే, తడిస్తే కుక్క గోళ్లు నిలవవు. బ్రేకు వేసినప్పుడల్లా జారే కుక్క ఒళ్లంతా బిగబట్టి నిలబడుతుంది, ఆ శ్రమకే ఒంట్లో వేడి పుడుతుంది. చివరికి 9 మి.మీ. ప్లై మీద 3 మి.మీ. గీతల రబ్బరు షీటు. బోనులో మడిచిన గోనె సంచి. రెండు ఉంటే ఒకటి ఉతకొచ్చు.

కార్పెట్, కొబ్బరి పీచు చాప వద్దు. కారణం గోమార్లు. కుక్కల మీద ఉండే గోధుమరంగు గోమారు రక్తం తాగాక కిందికి దిగి, గోడ సందుల్లోకి పాకి వేల గుడ్లు పెడుతుంది. అంటే ఒక్క ఆడ గోమారు వ్యాన్‌లోకి వస్తే వ్యానే దానికి ఇల్లవుతుంది. ఎర్లీకియా, బబీసియా జ్వరాలు వీటివల్లే వస్తాయి. ప్లై అంచులకు వార్నిష్ రెండు పూతలు, ప్రతి సందుకూ సిలికాన్ పెట్టాలి. మేకల మందలు తిరిగిన చోట ఆగితే చెవుల లోపల, వేళ్ల మధ్య, తోక కింద వెతికాకే లోపలికి ఎక్కించాలి. మందు ఏది, ఎంత అన్నది పశువైద్యుడు బరువు చూసి చెప్పాలి.

బరువు: 13 కేజీలు. మొత్తం: 35.

దశ 3: కప్పు, ఎండ

సెన్సరు పెట్టే చోటు ముఖ్యం. నేల నుంచి 30 సెం.మీ. ఎత్తున, బోను మెష్‌కు లోపలి వైపు, ఎండ తగలకుండా. కప్పు దగ్గర పెడితే ఆరేడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. డాష్‌బోర్డు మీద పెట్టిన అంకె ఎందుకూ కొరగాదు.

బయట నీడలో 38 డిగ్రీలు, మిట్టమధ్యాహ్నం, కుక్క లేకుండా ఖాళీ వ్యాన్‌లో గంట తర్వాత:

– అద్దాలన్నీ మూసి: 56
– రెండు అద్దాలు నాలుగు వేళ్ల సందు దించి: 54
– కప్పుకు ఇన్సులేషన్: 49
– దానికి తోడు అద్దాలకు లోపలి నుంచి కవర్లు: 48
– అవే కవర్లు బయటి నుంచి: 46
– పైన నీడ వల: 42
– ఎగ్జాస్ట్ ఫ్యాన్: 39.5

అద్దం సందు దించితే చాలనే నమ్మకం చాలామందిలో ఉంది. 2005లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు కొలిచి చూపించిందీ ఇదే: మూసిన కారులో గంటలో దాదాపు 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం సందుతో పెద్ద తేడా రాలేదు.

పై పట్టికలో చివరి అంకె చూడండి. అన్నీ చేసినా 39.5. ఫ్యాన్ బయటి గాలినే లోపలికి తెస్తుంది కాబట్టి బయటికన్నా చల్లబరచలేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2. చుట్టూ గాలి అంతకన్నా వేడిగా ఉంటే ఒంట్లోంచి వేడి దానంతట అది బయటికి పోదు, రొప్పి నాలుక తడి ఆర్చుకోవడం ఒక్కటే దారి. అందుకని ఈ వ్యాన్‌కు రాసిపెట్టిన నియమం: మనిషి దిగితే కుక్కా దిగాలి. హోటల్లో టిఫిను తినేంతసేపైనా సరే. ఫోనుకు మెసేజి పంపే వేడి అలారాలున్నాయి, సిగ్నల్ లేని చోట అవి మోగవు.

ఇన్సులేషన్‌లో ఏది చెడిందో వివరంగా:

బబుల్ ఫాయిల్‌ను నేరుగా కప్పు రేకుకు అంటించాం. తగ్గింది రెండే డిగ్రీలు. మెరిసే ముఖం ఎదుట కనీసం 20 మి.మీ. గాలి సందు లేకపోతే వేడిని వెనక్కి కొట్టే గుణమే పనిచేయదు. పీకేసి 13 మి.మీ. నైట్రైల్ రబ్బరు షీటు వేశాం. ఎండకు కప్పు రేకు 70 డిగ్రీలదాకా కాలుతుంది, రబ్బరు గమ్ మెత్తబడి మధ్యాహ్నానికి షీట్లు వేలాడాయి. మళ్లీ చేసిన పద్ధతి:

1. రేకును థిన్నరుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.
2. రేకుకూ షీటుకూ రెండిటికీ పలచగా గమ్ పూసి, చేతికి అంటనంతవరకు 10–15 నిమిషాలు ఆగాలి. తడి మీద అంటిస్తేనే జారేది.
3. మధ్య నుంచి అంచులకు రోలరుతో నొక్కాలి.
4. కప్పు పక్కటెముకల మధ్య 20 మి.మీ. అల్యూమినియం పట్టీలను కాస్త పొడుగ్గా కోసి, వంచి ఇరికించాలి. గమ్ ఓడినా పట్టీ మోస్తుంది.

నీడ వల: నిమ్మ నారు పెంచే నర్సరీల్లో కట్టే 75 శాతం ఆకుపచ్చ వల, 4×5 మీటర్లు. కప్పుకు ఆనించి కప్పితే ఒక్క డిగ్రీ తగ్గింది. 30 సెం.మీ. పైకి లేపి కట్టాకే నాలుగు తగ్గాయి. పీవీసీ పైపు గుంజలు సముద్రపు గాలికి వంగిపోతాయి, ఇనుప పైపు కావాలి. ఇసుకలో టెంటు మేకులు ఆగవు. ఖాళీ సిమెంటు సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతాలి.

బరువు: ఇన్సులేషన్ 5, వల, గుంజలు 7. మొత్తం: 47.

దశ 4: గాలి దారి

జారే డోరును 25 సెం.మీ. తెరిచి ఆ సందులో ఇరికించే పలక చేశాం. పైభాగంలో 12 వోల్టుల 8 అంగుళాల ఫ్యాన్ (15 వాట్లు), మిగతాదంతా మెష్. ఎదుటి డోరులోనూ అలాంటిదే, ఫ్యాన్ లేకుండా.

మొదట ఫ్యాన్‌ను లోపలికి ఊదేలా పెట్టాం. కప్పు కింద పేరుకున్న వేడిని తెచ్చి కుక్క మీద కుమ్మరించింది, ముక్కు ఎత్తున రెండు డిగ్రీలు పెరిగింది. తిప్పి బయటికి లాగేలా పెట్టాలి: వేడి పైనుంచి పోవాలి, కొత్త గాలి నీడ వైపు నుంచి, కింద నుంచి, బోనుకు తగులుతూ రావాలి.

గాలి వచ్చే సందు చిన్నదైతే ఫ్యాన్ ఊరికే మోతపెడుతుంది. 8 అంగుళాల ఫ్యాన్ బిలం దాదాపు 320 చ.సెం.మీ. దోమల మెష్ దాదాపు సగం గాలిని అడ్డుకుంటుంది కాబట్టి లోపలికొచ్చే సందు కనీసం 640 ఉండాలి. ఫైబరు దోమతెర గోళ్లకు చినుగుతుంది. బయట స్టీలు దోమల మెష్, లోపల వెల్డ్ మెష్ అని రెండు పొరలు పెట్టాలి.

తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, అప్పటికి గాలి లోపలికొచ్చే డోరు తూర్పుకు ఉండాలి. పడమటి మండలాల్లో వడగాడ్పు పడమర నుంచి వస్తుంది, అక్కడ ఆ వైపున తడిక కట్టాలి. దాని సంగతి కింద.

బరువు: 4 కేజీలు. మొత్తం: 51.

దశ 5: వట్టివేళ్ల తడిక, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ప్రమాదం

ఈ డైరీలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

తడిక 60×45 సెం.మీ., 4 సెం.మీ. మందం. పైన బెజ్జాల పైపు, కింద తొట్టి, 5 వాట్ల చిన్న పంపు. గాలి లోపలికొచ్చే డోరుకు తగిలిస్తే నీళ్లు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. ఎంత చల్లబడుతుందో తడి బల్బు ఉష్ణోగ్రతే తేలుస్తుంది: బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలి తగలనిచ్చిన థర్మామీటరు చూపే అంకె అది, మామూలు థర్మామీటరు అంకెకూ దానికీ తేడా ఎంత ఉంటే గాలి అంత చల్లబడగలదు. ఇలాంటి తడిక ఆ తేడాలో దాదాపు 60 శాతం రాబడుతుంది.

మార్కాపురం వైపు, 41 డిగ్రీలు, తేమ 25 శాతం: తడి బల్బు దాదాపు 25. తేడా 16, అందులో 60 శాతం తీస్తే గాలి 31.4కి దిగుతుంది. లోపల తేమ దాదాపు 59 శాతం.

మైపాడు వైపు, 35 డిగ్రీలు, తేమ 65 శాతం: తడి బల్బు 29.4. తేడా ఐదున్నర. గాలి 31.6కి దిగుతుంది. లోపల తేమ దాదాపు 85 శాతం.

థర్మామీటరు రెండు చోట్లా దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. కుక్కకు మాత్రం రెండూ ఒకటి కావు. 59 శాతం తేమలో రొప్పితే నాలుక మీద తడి ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. 85లో ఆరదు. రొప్పే కండరాల శ్రమ మాత్రం మిగులుతుంది, అదే మళ్లీ వేడి. అందుకే తీరంలో తడిక విప్పేసి ఉట్టి గాలి పారనివ్వాలి, అదీ చాలకపోతే కుక్కను దించి చెట్టు కింద పెట్టాలి. నియమం: బయటి తేమ 50 శాతం దాటితే తడికకు నీళ్లు ఆపేయాలి. వేడీ తేమా రెండూ చూపించే మీటరు లేకుండా ఈ తడిక జోలికి పోవద్దు.

నీళ్ల ఖర్చు గంటకు లీటరున్నర. మధ్యాహ్నం 6 గంటలకు 9 లీటర్లు. బోరు నీళ్లయితే వేళ్ల మీద ఉప్పు పేరుకుని గాలి ఆడదు, తీరిక దొరికినప్పుడల్లా మంచినీళ్లలో నానబెట్టి దులపాలి.

బరువు: 3 కేజీలు. మొత్తం: 54.

దశ 6: బండి నడుస్తున్నప్పుడు

ముందు ఏసీ వేస్తే బోనుకు అందదు. నిలబెట్టిన వెనక సీటు అడ్డుగోడ. డ్రైవరు దగ్గర 26 డిగ్రీలు ఉన్నప్పుడు బోనులో 33. డ్రైవరుకు చల్లగా ఉంటే కుక్కకూ చల్లగానే ఉందనుకుంటాం, కాబట్టి సెన్సరు డిస్‌ప్లే డ్రైవరుకు కనబడేచోట ఉండాలి.

ముందు సీట్ల మధ్య, ఏసీ గాలి తగిలే ఎత్తులో 4 అంగుళాల బ్లోయరు పెట్టి, మడతల డక్టుతో బోను పైనుంచి గాలి దించాం. నేల మీదుగా వేసిన డక్టు ఇంజను వేడిని తాగి 31 దగ్గరే ఆగింది. కిటికీల పైఅంచు వెంట వేసి, పైన రబ్బరు ఇన్సులేషన్ చుట్టాక 28. బ్లోయరు 35 వాట్లు, ఇంజను నడుస్తున్నప్పుడే తిరుగుతుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజను వేసి ఏసీలో పడుకోవడం మాత్రం చేయొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

నెల్లూరు నుంచి ఒంగోలు దాదాపు 120 కి.మీ. తెల్లారుజామున బయల్దేరితే ఎండెక్కకముందే చేరొచ్చు. బయల్దేరే మూడు గంటల ముందే తిండి ఆపాలి, నీళ్లు ఆపకూడదు.

బరువు: 3 కేజీలు. మొత్తం: 57.

దశ 7: కరెంటు, పడక

రోజు వాడకం: డోరు పలకలోని ఫ్యాన్ 15 వాట్లు × 12 గం. = 180. బోనుకు పెట్టిన చిన్న ఫ్యాన్ 5 × 12 = 60. పంపు 5 × 6 = 30. దీపాలు 24. ఫోన్లు 40. మొత్తం 334 వాట్ అవర్లు. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడితే 1,024. మూడు రోజులు వస్తుంది. 100 వాట్ల విడి ప్యానెల్, 5 గంటల ఎండ, 70 శాతం లెక్కన రోజుకు 350.

ఈ రకం బ్యాటరీలకు చార్జింగ్ హద్దు సాధారణంగా 45 డిగ్రీలు. మూసిన పెట్టెలో 47కు చేరి చార్జింగ్ ఆగిపోయింది. వెనక మూలకు మార్చి, చుట్టూ 4 సెం.మీ. సందు వదిలాక సరిపోయింది. ఫ్యాన్లకు 2.5 చ.మి.మీ. తీగ, ప్రతి లైనుకూ విడి ఫ్యూజు. తీగలన్నీ పైపులో పోవాలి, కుక్క నోటికి అందేచోట ఒక్క అంగుళం కూడా బయటికి ఉండకూడదు.

పడక: 38 మి.మీ. అల్యూమినియం చట్రానికి నవారు అల్లాం. ప్లై పలక వేస్తే బోను పైనుంచి గాలి మూసుకుపోతుంది, నవారులోంచి ఆడుతుంది. నవారు సాగితే మళ్లీ బిగించాలి, అంతే.

బరువు: 23 + 11. మొత్తం: 91.

నీళ్లు

రోజుకు: మనుషులకు 6 లీటర్లు, కుక్కకు రెండున్నర (మామూలుగా కేజీకి 50–60 మి.లీ., ఎండలో దానికి రెట్టింపు), తడికకు 9, సముద్రం నుంచి వచ్చాక కడగడానికి 5. మొత్తం 22.5. రెండు క్యాన్లలో 30 లీటర్లు మోస్తున్నాం. క్యాన్లతో 32 కేజీలు, మొత్తం 123. దీనికి మనుషులు, కుక్క, సామాను కలిపి, ఆర్సీలోని స్థూల బరువులోంచి ఖాళీ బరువు తీసేసిన అంకెతో పోల్చుకోండి.

కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కుక్కకూ క్యాన్ నీళ్లే పోయాలి. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల కాలువల్లో మూతి పెట్టనివ్వొద్దు, వాటిలో బ్లీచింగ్, మందులు కలుస్తాయి. సముద్రపు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లలోకి దిగే ముందే కడుపునిండా మంచినీళ్లు పట్టాలి.

ఆగే చోట్లు

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కుక్కలు ఆ గూళ్లను తవ్వేస్తాయి. ఆ నెలల్లో రాత్రిపూట ఇసుక మీద తాడు విప్పకూడదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది, రాత్రి వాహనాలను ఆపేస్తారు. పగలు వెళ్లినా అడవిలో కుక్కను దించకూడదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అడవి జంతువులకు సోకుతుంది. రేబిస్, డిస్టెంపర్, లెప్టో (ఎలుక జ్వరం) టీకాల కార్డు వ్యాన్లోనే ఉండాలి.

వడదెబ్బ తగిలితే

గుర్తులు: ఆగని రొప్పు, ముదురు ఎరుపు చిగుళ్లు, చిక్కని చొంగ, తూలడం. మలద్వారం థర్మామీటరులో 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం.

1. నీడకు తెచ్చి వెంటనే నీళ్లు పోయాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి.
2. పొట్ట, తొడల లోపల, పాదాలు తడిపి ఫ్యాన్ పెట్టాలి. తడి గుడ్డ కప్పి వదిలేయకూడదు, దాని కింద వేడి ఆగిపోతుంది.
3. తనంతట తాగితేనే నీళ్లు. నోట్లో పోయొద్దు.
4. 39.5కు దిగగానే నీళ్లు పోయడం ఆపాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడుతుంది.
5. తేరుకున్నట్టు కనిపించినా పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. కిడ్నీ దెబ్బ తర్వాతి రోజుల్లో బయటపడుతుంది. సంచార పశువైద్య సేవ నంబరు 1962.

మిగిలిన పని

నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఫ్యాన్ పలక మీద ఏటవాలు జల్లు పడితే మోటారులోకి నీళ్లు పోతున్నాయి. 15 సెం.మీ. అల్యూమినియం చూరు వంచి పెట్టి చూశాం, జల్లు ఆగింది కానీ గాలి దాదాపు మూడో వంతు తగ్గింది. ఇప్పుడు చూరును 22 సెం.మీ. చేసి, ఫ్యాన్‌కూ చూరుకూ మధ్య సందు 10 సెం.మీ.కి పెంచుతున్నాం. వానలో కొలిచాక ఆ అంకెలూ ఇక్కడే రాస్తాం.